సగం చదివిన చీటీ

మధ్యాహ్నం మూడింటికి ఈశ్వరప్ప అనంతపురం ఆసుపత్రి నుంచి బత్తలపల్లెకు తిరిగొచ్చాడు. గడప దగ్గరే కూలబడి, జేబులోంచి చీటీ తీశాడు.

"జయంతీ, ఏం రాసినారో చదువు తల్లీ."

ఆరో తరగతి చదివే జయంతి వాకిట్లో అచ్చనగిల్లలు ఆడుతోంది. అప్పుడే ఆమె వంతు వచ్చింది. గబగబా చీటీ చూసింది.

"పొద్దున ఒక బిళ్ళ, రాత్రి ఒక బిళ్ళ. అంతే నాయనా."

"కింద ఇంకా ఏందో ఉండాదే?"

"అది అందరికీ రాసేదేలే!" అంటూ ఆటకు పరుగెత్తింది.

ఈశ్వరప్పకు చదువు రాదు. కూతురు ఏం చదివి చెబితే అదే నమ్ముతాడు. ఆయన హోటల్లో దోసె మాస్టరు. తెల్లవారుజామున ఐదింటి నుంచి పెనం ముందు నిలబడే ఉంటాడు. ఎడమ పిక్క మీద నరాలు మెలికలు తిరిగి, తాళ్లలా ఉబ్బిపోయాయి.

పది రోజులకు బిళ్ళలు అయిపోయాయి. ఆయన మళ్లీ ఆసుపత్రికి పోలేదు. సాయంత్రం ఇంటికొచ్చి గోడకు చేరగిలబడితే, అన్నానికి లేవడానికి కూడా ఓపిక ఉండేది కాదు. చీలమండ పైన చర్మం నల్లబడింది. ఒకటే దురద. "ఎండలకేమోలే" అనుకుంటూ గోక్కునేవాడు.

రెండు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం కాళ్లు కడుక్కుంటుంటే, గోకిన చోట నరం చిట్లింది. నెత్తురు ధారగా కారింది. జయంతి కేక విని పక్కింటి అమీర్ బీ పరుగెత్తుకొచ్చింది.

"ఏమప్పా, నిలబడొద్దు! పండుకో!" అంటూ ఆయన కాలు పైకెత్తి, శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టింది. "జయంతీ, ఆటో పిల్చుకొని రాపో!"

ఆసుపత్రిలో డాక్టరమ్మ కట్టు కట్టింది. నల్లబడిన చర్మం చూసి నిట్టూర్చింది.

"పది రోజులకు రమ్మని, స్కాన్ తీయాలని చీటీలో రాసే ఇచ్చినాం కదా? ఇట్లే వదిలేస్తే పుండు పడుతుంది. మానడానికి నెలలు పడుతుంది. ఒక్కోసారి లోపల రక్తం గడ్డ కడుతుంది కూడా."

ఈశ్వరప్ప ఒక్కసారి కూతురి వైపు చూశాడు. తర్వాత తల దించుకున్నాడు.

"నేనే మర్చిపోయినా మేడం."

జయంతి ముందుకొచ్చింది. నాయన ఆ అబద్ధం ఎవరి కోసం చెప్పాడో ఆమెకు తెలుసు.

"కాదు మేడం. చీటీ నేనే సగం చదివినా. మిగతాది నాయనకు చెప్పలేదు."

డాక్టరమ్మ కోప్పడలేదు. కొత్త చీటీ రాసి ఆ పాప చేతికే ఇచ్చింది.

బయట బెంచీ మీద జయంతి నాయన పక్కన కూర్చుంది. ఒక్కో వరుస మీద వేలు పెట్టి చదివింది.

"రేపు స్కాన్. అది చూసినాక బిగుతు సాక్సులు ఇస్తారంట. ఎక్కువసేపు నిలబడకూడదు. గోకకూడదు."

ఒక మాట అర్థం కాలేదు. లేచి వెళ్లి నర్సును అడిగి వచ్చింది. అప్పటికి ఈశ్వరప్ప గోడకు తల ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"నాయనా, వింటాండావా?"

"వింటాండా తల్లీ. అయిపోయిందా?"

"లేదు. ఇంకా రెండు వరుసలుండాయి."

జయంతి వేలు కిందికి జరిపి, నెమ్మదిగా చదవసాగింది.