లైన్ ఖాళీ లేదు

జూలూరుపాడు దాటి అడవిలోకి మళ్లితే ఆ స్టేషన్ వస్తుంది. పట్టాలు పీక్కుపోయి ఇరవై ఏండ్లయింది. పెంకుల సందుల్లో గడ్డి, లోపల గబ్బిలాల కంపు. రేపు కూలగొడుతున్నారని విని, అక్కడ పద్నాలుగేండ్లు మాస్టరుగా చేసిన చెంచురామయ్య, తన అల్లుడు రవీందర్ ఆటోలో చూడవచ్చాడు. మధ్యాహ్నమే గాని, ముసురుకు చీకటి పడ్డట్టుంది.

"జల్దీ రా మామా. నీ గుండె గోలీలు ఆటోలనే ఉన్నయ్."

"నా స్టేషన్ల నాకే టైం చెప్తవా? కూసో."

చెంచురామయ్య ఒక్కడే లోపలికి పోయాడు. అతని వెనకే తలుపు మూసుకుంది.

గంట పెట్టె, దాని పక్కన ఫోన్ గొట్టం ఇంకా గోడకే ఉన్నాయి. ఒంటి లైను కదా, అవతలి స్టేషన్ మాస్టరు గంట కొట్టి లైన్ ఖాళీనా అని అడగాలి, ఇవతలి మాస్టరు తిరిగి కొట్టాలి. అప్పటిదాకా బండి కదలొద్దు. అవతల ఫజల్ ఉండేవాడు. తనిఖీ రోజు పెద్దసారు ముందు చెంచురామయ్య నిలబడి ఉంటే, వయసులో చిన్నోడు ఫజల్ కుర్చీలో కూర్చున్నాడు. అది మనసులో పెట్టుకొని, ఒకనాడు ఫజల్ ఎన్నిసార్లు గంట కొట్టినా చెంచురామయ్య జవాబియ్యలేదు. "లైన్ ఖాళీ లేదు" అని ఫోన్లో చెప్పి, తీరిగ్గా చాయ్ తాగాడు. ముప్పావు గంట. ఆ బండిలో నొప్పులు పడుతూ ఫజల్ భార్య ఖమరున్నీసా ఉంది. దవాఖానా దాకా ప్రాణం ఆగలేదు.

"రూలు రూలే" అన్నాడు ఆనాడు. నేటికీ అదే మాట.

ఫజల్ పోయి కూడా పదేండ్లయింది.

గంట మోగింది.

తీగలు ఎప్పుడో కోసుకుపోయారు... అయినా మోగింది. చెంచురామయ్య తలుపు గుంజాడు. రాలేదు. ఛాతీ పట్టేసింది.

"రవీందర్... తలుపు తియ్... గోలి తే..."

"ఏంది మామా! కిటికీల నిలబడి ఆగు ఆగుమని నువ్వే చెయ్యి చూపిస్తున్నవ్ గద!"

చెంచురామయ్య తలుపు దగ్గరున్నాడు. కిటికీ వీపు వెనక ఉంది. తిరిగి చూడలేదు. గోడ పట్టుకొని పెట్టె దాకా జరిగాడు. గంట కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఎన్నడూ ఎవరినీ బతిమాలని నోరు...

"ఖాళీ ఉంది ఫజల్... లైన్ ఖాళీ ఉంది... నన్ను పోనియ్యి..."

ఫోన్ గొట్టంలో ఊపిరి వినబడింది. తర్వాత మెల్లగా, మర్యాదగా...

"లైన్ ఖాళీ లేదు మాస్టర్ సాబ్. కూర్చోండి."

దుమ్ము పట్టిన బల్ల మీద చాయ్ గ్లాసు ఉంది. పొగలు లేస్తున్నాయి.