ఎడమ చక్రం మోత

కారు ముందు ఎడమ చక్రం వారం రోజులుగా గుయ్యిమని మోగుతోంది. బేరింగు అరిగిపోయింది. నా భార్య ఈశ్వరికి నెలలు నిండాయి. ఏ గంటలో నొప్పులొచ్చినా శ్రీకూర్మం నుంచి శ్రీకాకుళం ఆసుపత్రికి పరుగెత్తాలి. దారిలో చక్రం పట్టేస్తే నా గతేం కాను? అందుకే అత్తవారి పెరట్లో జాకీ ఎత్తాను. మెకానిక్కు దగ్గరికి వెళ్లడం నాకు నామోషీ.

కొత్త బేరింగు ఎక్కించాలంటే దాన్ని నొక్కి దించే ప్రెస్సు మిషను కావాలి. ఇంట్లో అదెక్కడిది? చక్రం బిగించే పాత హబ్బు ఒకటి, బేరింగుతో సహా, తుక్కు కొట్టు సోములు దగ్గర్నుంచి తెచ్చాను. హైవే మీద నుజ్జయిన కారుది. తల్లీబిడ్డా అందులోనే పోయారని సోములు నోరూరుకోక చెప్పాడు. నేనూ నోరూరుకోక ఇంట్లో చెప్పాను.

అత్త కూర్మమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "ఒరే, సచ్చినోల బండి సామాను నెలలు నిండిన ఇంటికి తేకూడదురా. ఎనక్కిచ్చీ."

"ఇనుముకి మైలేటత్తా," అని నవ్వాను. నా తెలివి తెల్లారినట్టే ఉంది.

నాలుగింటికే మబ్బు కమ్మి కరెంటు పోయింది. తెచ్చిన హబ్బు బిగించాను. గ్రీజు వాసన రావాలి కదా... పసుపు, సాంబ్రాణి, బాలింత గది వాసన వచ్చింది. చక్రం ఎక్కించి చేత్తో తిప్పాను. చప్పుడు లేదు. అమ్మయ్య అనుకున్నాను.

చక్రం ఆగింది. అప్పుడు మొదలైంది... సన్నగా, ఆడగొంతు. నోరు తెరవకుండా పాడే జోల. చక్రాన్ని రెండు చేతులా అదిమి పట్టుకున్నాను. పాట ఆగలేదు. చక్రం వదిలేసి రెండడుగులు వెనక్కి వేశాను. చెప్పుకోవడానికి సిగ్గేమీ లేదు.

ఈశ్వరి గోడ పట్టుకుని బయటికొచ్చింది. "బావా... నొప్పులొస్తన్నాయి. పొద్దుట్నించి కడుపులో తన్నినోడు ఆ పాట ఇని ఊరుకున్నాడు."

అత్త ఆ కారెక్కనంది. ఆటో తెస్తానని వానలో పరుగెత్తింది. పావుగంట చూశాం... రాలేదు. 108కి ఫోను కలవలేదు. ఈశ్వరి మూలుగు వినలేక నట్లు బిగించి, జాకీ దించి, ఆమెను పక్క సీట్లో కూర్చోబెట్టాను.

అరసవల్లి దాటాం. చక్రంలో ఏ మోతా లేదు. ఈశ్వరి మూలగడం లేదు.

"కదిలాడేటే?" అన్నాను మెల్లగా.

ఆమె పెదాల మీద వేలుంచుకుంది. "హారన్ కొట్టకు బావా... ఇప్పుడే పడుకున్నాడు."

వెనక్కి తిరిగి చూస్తూ చెప్పింది. అద్దంలో చూశాను. వెనక సీటు ఖాళీ. బెల్టు మాత్రం ఎవరో కూర్చుని లాగి పెట్టుకున్నట్టు బిగుసుకుని ఉంది.