పాటలో వదిలిన చోటు

ఆమెను మొదటిసారి చూసిన రోజునే, టీవీలో లక్షలమంది చూస్తుండగా, పరిగెత్తుకెళ్లి ఆమె చేతిలోని మైకు లాక్కోబోయాను. ప్రేమకథ ఇలా మొదలవకూడదని నాకూ తెలుసు. ఏం చేయను, ఉద్యోగధర్మం!

ఆ టీవీ పాటల పోటీకి నేను సౌండ్ ఇంజనీరుని. పాడేవాళ్ల గొంతు మీ ఇంటికి చేరేదాకా పూచీ నాదే. ఆ రోజు పదకొండో నంబరుగా ఒక చిన్న చర్చి పాస్టరుగారి అమ్మాయి వచ్చింది. పసుపు రంగు డ్రెస్సు, మెడ దాకా కత్తిరించిన జుట్టు, ముఖంలో బెరుకన్నదే లేదు. కళ్లు మూసుకుని మొదటి లైను అందుకుంది.

"ఎంత దూరమో నా దారి..."

అబ్బ, ఏం గొంతు! అడుగున కాస్త జీర, పైన తేనె. అమెరికా నల్లజాతివాళ్ల చర్చి పాటల్లోంచి పుట్టిన సోల్ సంగీతం గురించి కాలేజీలో చదివి పరీక్ష రాశాను గానీ, అదేమిటో ఆ క్షణందాకా నాకు తెలియనే తెలియదు. చేతుల మీద రోమాలు లేచి నిలబడ్డాయి.

అంతలో పాట ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు... చప్పుడు లేదు. మైకు చచ్చిందనుకున్నాను. ఇంకో మైకు పట్టుకుని ఒక్క గెంతులో స్టేజీ ఎక్కేశాను.

"ఇటివ్వండి, మైకు పోయింది!"

"పోలేదండీ. నేనే ఆగాను," అంది. ఆ పోలేదన్న మైకులోనే అంది. హాలంతా వినబడింది.

"ఎందుకాగారు?"

"మీరు దిగితే మళ్లీ మొదలెడతాను."

జనం విరగబడి నవ్వారు. ఆ అమ్మాయి తర్వాతి రౌండుకి వెళ్లింది. నాకు మాత్రం యూనిట్‌లో 'మైకుదొంగ' అనే పేరు స్థిరపడిపోయింది.

అక్కడినుంచి ఆమె ఒక్కో మెట్టూ ఎక్కుతూనే ఉంది, మేం రోజూ పోట్లాడుకుంటూనే ఉన్నాం. అందరూ మైకు పరీక్షించడానికి "హలో, హలో" అంటారు. ఈవిడ "దొంగగారూ, వినబడుతోందా?" అనేది.

"వినబడుతోంది. ప్రతి లైను తర్వాత ఆ ఖాళీ ఎందుకండీ అసలు?"

"అది ఖాళీ కాదు. పాటలో భాగం."

"నా చెవులకేం వినబడట్లేదే!"

"మరి ఆ చెవులు హెడ్‌ఫోన్లు తగిలించుకోవడానికేనా?"

నేను ఏదో అనేలోగా వెళ్లిపోయేది. వెళ్తూ వెళ్తూ ఓరగా చూసి నవ్వేది. ఆ నవ్వు కోసమే మర్నాడు మళ్లీ కయ్యానికి కాలుదువ్వేవాడిని. నిజం చెప్పడానికి నాకేం సిగ్గు?

క్వార్టర్ ఫైనల్ రోజున షో డైరెక్టరుగారు నన్ను పక్కకి పిలిచారు. "ఆ పిల్ల లైన్లు మరిచిపోతోందయ్యా. ఆగిందంటే చాలు, రికార్డు చేసిన కోరస్ వేసెయ్."

సాయం చేస్తున్నాననే అనుకున్నాను. ఆమె ఆగగానే బటన్ నొక్కాను. ఎవరో ఎక్కడో ఎప్పుడో పాడి పెట్టిన "ఓ... ఓ..." హాలంతా మోగింది. ఆమె ఉలిక్కిపడి కళ్లు తెరిచింది. తర్వాతి స్వరం తప్పింది. ఎలాగో సెమీఫైనల్‌కి నెట్టుకొచ్చింది గానీ, జడ్జీలు మొహం మీదే చెప్పేశారు, ఇంకోసారి మాటలు మరిచిపోతే ఇంటికేనని.

వరండాలో నాకెదురుపడింది.

"అది వేసింది మీరేనా?"

"మీకు సాయంగా ఉంటుందని..."

"సాయమా! నా ఇంట్లోకొచ్చి, నావాళ్లందర్నీ బయటికి గెంటేసి, ఎవరినో తెచ్చి కూర్చోబెట్టడం సాయమా?"

కళ్లనిండా నీళ్లు. ఆమె ఏడవడం చూడటం నాకదే మొదలు. ఆమె అన్న మాట అర్థం కాలేదు. అన్నం మాత్రం సయించలేదు.

ఆదివారం పొద్దున్నే, క్షమాపణ చెప్పుకుందామని వాళ్ల చర్చికి వెళ్లాను. వాన దంచేస్తోంది. గుమ్మం పక్కన తడిసిన గొడుగుల గుట్ట. లోపల ఒక పొడవాటి గది, ప్లాస్టిక్ కుర్చీలు, గోడవార పాత హార్మోనియం. నీళ్లోడుతూ ఆఖరి వరసలో నక్కి కూర్చున్నాను. ఆమె లేచి అదే పాట అందుకుంది.

"ఎంత దూరమో నా దారి..."

ఆగింది. నేను అలవాటుగా 'ఒకటి' అని లెక్కపెట్టేలోగా గదంతా అందుకుంది.

"నీతో వస్తా, నడు!"

చేతికర్ర పట్టుకున్న ముసలమ్మ పాడింది. డ్యూటీ యూనిఫారంలో ఉన్న బస్సు డ్రైవరు పాడాడు. చంటిబిడ్డను భుజాన వేసుకున్న తల్లి పాడింది. ఒక్కొక్కరిది ఒక్కో గొంతు, ఒక్కో శృతి. ఆమె మళ్లీ ఒక లైను పాడి ఆగింది, వాళ్లు మళ్లీ వచ్చారు. ఊహ తెలిసినప్పటినుంచీ ఆమె అలాగే పాడుతోంది. ఆ చోటు ఎప్పుడూ ఎవరో ఒకరు నింపుతూనే ఉన్నారు. టీవీలో కూడా ఆ చోటు వాళ్లకోసం వదులుతోంది. నేనేమో అక్కడ డబ్బాలోని పాట కుమ్మరించాను. నామీద నాకే అసహ్యం వేసింది.

మూడోసారి ఆమె ఆగినప్పుడు నాకు తెలియకుండానే నోరు తెరిచాను. ముందు వరసలవాళ్లంతా వెనక్కి తిరిగి చూశారు.

ప్రార్థన అయ్యాక పాస్టరుగారు నా దగ్గరికొచ్చారు. "బాబూ, ఆఖరి వరసలో పాడింది మీరేనా?"

"అవునండీ. వినబడిందా?"

"దేవుడికి వినబడింది. పక్కవీధికీ వినబడే ఉంటుంది."

ఆయన వెనకాల కిసుక్కున నవ్వు. ఆ నవ్వుతో నా ప్రాణం లేచొచ్చింది.

బస్టాపు దాకా ఒకే గొడుగులో నడిచాం. ఆమె తడవకూడదని నేను, నేను తడవకూడదని ఆమె, గొడుగు అటూ ఇటూ తోసుకుని ఇద్దరం ముద్దయిపోయాం. 'మీరు' కాస్తా 'నువ్వు' అయిపోయింది, ఎప్పుడో గమనించలేదు.

"నన్ను పోటీకి పంపడానికి నాన్న ఏడాది ఆలోచించారు," అంది. "ఒకే ఒక్క మాట అడిగారు. నీ పాట నీది కాకుండా పోయిన రోజున ఇంటికొచ్చేయమ్మా అన్నారు. సెమీఫైనల్లో మళ్లీ ఆ కోరస్ వస్తే మైకు అక్కడే పెట్టేసి వచ్చేస్తా."

"గెలిస్తే ఆల్బం చేయిస్తారు కదా. గెలవాలని లేదా?"

"ప్రాణం పెట్టేంత ఉంది. అందుకేగా ఏడుపొస్తోంది!"

బస్సు వచ్చింది. ఎక్కింది. నేను వానలో అలాగే నిలబడిపోయాను.

సెమీఫైనల్ సాయంత్రం డైరెక్టరుగారికి అంతా విడమరిచి చెప్పాను. ఆయన వింటేగా! "టీవీలో నాలుగు సెకన్లు నిశ్శబ్దమంటే జనం ఛానల్ మార్చేస్తారు. కోరస్ వెయ్యి. వెయ్యకపోతే రేపు నీ కుర్చీలో ఇంకొకడుంటాడు."

ఆమె స్టేజీ మీదికొచ్చింది. హాల్లో మూడొందలమంది. 'చప్పట్లు' అని రాసిన బోర్డు ఎత్తితే చప్పట్లు కొట్టడం, దించితే మానడం, వాళ్లకు తెలిసిన పని అంతవరకే.

"ఎంత దూరమో నా దారి..."

ఆగింది.

"కోరస్! కోరస్!" నా హెడ్‌ఫోన్లో డైరెక్టరుగారు అరుస్తున్నారు. నా వేలు బటన్ మీద ఉంది. తీసేశాను.

ఒకటి. రెండు. బోర్డు పట్టుకున్నాయన ఏం ఎత్తాలో తెలియక దిక్కులు చూస్తున్నాడు. ఆమె కళ్లు తెరిచింది. అంతమంది ఎదురుగా ఉన్నా ఒక్కళ్లూ పలకలేదు. మనిషి అంత ఒంటరిగా నిలబడటం నేనెప్పుడూ చూడలేదు. నావల్ల కాలేదు.

రిహార్సల్లో పాడేవాళ్లతో మాట్లాడటానికి నా బల్ల మీద ఒక చిన్న మైకు ఉంటుంది. దాన్ని హాలు స్పీకర్లకి కలిపేశాను.

"నీతో వస్తా, నడు!"

సగం పాట, సగం దగ్గు. ఒక జడ్జి తాగుతున్న నీళ్లు ఒలకబోసుకున్నాడు. హాలు గొల్లుమంది. ఆమె నావైపు చూసింది. నవ్వింది, ఆ నవ్వుతోనే రెండో లైను ఎత్తుకుంది. మళ్లీ ఆగింది. నేను మళ్లీ అందుకున్నాను. ఈసారి తెర పక్కనుంచి మేకప్ అక్క గొంతు కలిపింది, ముందు వరసలోంచి ఒక పెద్దాయన కలిపాడు. నాలుగోసారికి బోర్డు పట్టుకున్నాయనతో సహా హాలంతా పాడుతోంది. ఇక ఆమె గొంతు చూడాలి! అందరూ ఎత్తుకుంటే ఎక్కడిదాకా వెళ్తుందో అక్కడిదాకా వెళ్లింది. చివరికి జడ్జీలు లేచి నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ మీరు మాటలు మరిచిపోతున్నారనుకున్నామమ్మా," అన్నారు పెద్ద జడ్జిగారు. "మా వంతు మేం పాడటం లేదని తెలియలేదు."

ఆ తర్వాత ఆమె ఫైనల్ గెలవడం మీరు టీవీలో చూసే ఉంటారు. టీవీలో చూపించనిది, సెమీఫైనల్ అయిన అరగంటకి స్టూడియో వెనక గుమ్మం దగ్గర జరిగింది. నా సామాను సర్దుకుంటున్నాను. ఆమె పరిగెత్తుకొచ్చింది.

"ఉద్యోగం పోయిందట కదా?"

"పోయింది."

"తెలిసి తెలిసీ ఎందుకు చేశావు?"

ఏదో జోకు వేద్దామనుకున్నాను. రాలేదు. "నువ్వలా నిలబడి చూస్తుంటే కూర్చోలేకపోయాను. నువ్వంటే నాకు ప్రేమ. మొదటి రోజునుంచీ ప్రేమే."

ఆమె ఒక్క క్షణం నా మొహంలోకి చూసి, వెనక్కి తిరిగింది. "నాన్నా, విన్నారా?"

చచ్చాను! స్తంభం చాటున పాస్టరుగారు, చేతిలో గొడుగుతో.

"విన్నానమ్మా. ఈసారి పాడలేదు కదా, మాట స్పష్టంగానే ఉంది. మరి నీ సంగతి?"

"అంతమంది నవ్వుతారని తెలిసీ నాకోసం నోరు తెరిచాడు నాన్నా." ఆమె వచ్చి నా పక్కన నిలబడింది. "నాకూ ఇతనే కావాలి."

ఆయన గొడుగు గోడకి ఆనించారు. ఒక చెయ్యి ఆమె తలమీద, ఒక చెయ్యి నా తలమీద పెట్టి కళ్లు మూసుకున్నారు.

"తండ్రీ, ఈ అబ్బాయి గొంతు సంగతి నీకు తెలుసు. దాన్ని బాగుచేసే శ్రమ నీకొద్దు. మనసు బంగారం, అది మాకు చాలు. వీళ్లిద్దర్నీ చల్లగా చూడు..."

ప్రార్థన సాగుతూనే ఉంది. ప్రార్థన చేసేటప్పుడు కళ్లు మూసుకోవాలని నాకూ తెలుసు. కానీ నేను ఆమెనే చూస్తున్నాను. పాస్టరుగారి అమ్మాయి అయ్యుండి, ఆమె కూడా కళ్లు మూసుకోలేదు.