అడితిలో ఎడమచేతి రంపం

కలప అడితి మూతపడి పద్దెనిమిదేళ్ళు. అయినా చీకటి పడ్డాక ఆ మలుపులో బండి ఆపేవాడు లేడు. టైరు పంక్చరైనా సరే, రిమ్ము మీదే ఈడ్చుకుంటూ అర మైలు అవతలికి పోయి మార్చుకునేవాళ్ళు. కారణం ఒక్కటే. పొద్దు గుంకాక, ఒక్కోరోజు, ఆ రేకుల షెడ్డులోంచి రంపం మోగుతుంది.

లోపల కరెంటు లేదు. కోసే మనిషి లేడు. కోయడానికి పుల్లముక్క కూడా లేదు.

కానీ మోగుతుంది...

ఆ రంపం అక్కడి కోతమేస్త్రీదని అందరూ ఒప్పుకుంటారు. అతనెలా పోయాడన్న దగ్గరే పేచీ. దుంగ దొర్లి మీద పడిందని కొందరు. పిడుగు పడిందని కొందరు. తన రంపానికి తనే బలయ్యాడని కొందరు. యజమానే చంపి రంపపు పొట్టులో పూడ్చేశాడని ఇంకొందరు. పాపం, ఒకే ఒక్క మనిషి, పదిమంది తృప్తి కోసం నాలుగు రకాలుగా చచ్చాడు.

ఈ సంగతులేవీ పళ్ళ డాక్టరుకు తెలియవు. ఆయన దెయ్యాలను నమ్మడు. నమ్మేంత తీరిక లేదు. పగలంతా మనుషుల పళ్ళు, సాయంత్రమైతే రంపాల పళ్ళు. పాత చైన్ రంపాలు కొనుక్కొచ్చి, విప్పి, కడిగి, అవి ఏ కాలంవో ఏ రకంవో కనిపెట్టి, మళ్ళీ బతికించడం ఆయన సరదా. సరదా అన్నది ఆయన మాట. భార్య దగ్గర వేరే మాట ఉంది. పిల్లల ముందు అనదు.

మొత్తం ముప్ఫై ఒక్క రంపాలు. హాల్లో తొమ్మిది, మేడమెట్ల కింద పదిహేను, మిగతావి మంచం కింద.

"ఇంకొక్కటి తెచ్చేయండి, ముప్ఫై రెండవుతాయి. నోరు నిండినట్టుంటుంది," అనేది ఆవిడ.

తెచ్చేవాడే. కానీ ముప్ఫై ఒకటోది ఆయన్ను కదలనివ్వలేదు.

పాత ఇనప సామాన్ల కొట్లో, తుప్పు బకెట్ల కింద దొరికిందది. పేరు రేకు లేదు. అసలు రంగు మూడు పూతల కింద ఎక్కడో ఉంది. డాక్టరు ఏడు నెలలు దాని పుట్టుపూర్వోత్తరాలు వెతికాడు. సిలిండరు చుట్టూ ఉన్న రెక్కలు లెక్కపెట్టాడు. బోల్టుకీ బోల్టుకీ మధ్య దూరం కొలిచాడు. పిడి కింద అరిగిపోయిన అంకెల మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది, చివరి అంకె ఏడో ఒకటో తేల్చుకోలేక వారం రోజులు నిద్రపోలేదు. ఎట్టకేలకు, మూడు పేజీలు చిరిగిపోయిన ఒక పాత క్యాటలాగులో దాని బొమ్మ కనిపించింది. రెండే రెండేళ్ళు తయారై ఆగిపోయిన రకం. మిగతా రంపాలకు తాడు కుడిచేత్తో లాగితే, దీనికి ఎడమచేత్తో లాగాలి. ఎందుకు ఆగిపోయిందో వేరే చెప్పక్కర్లేదు.

ఆ సంతోషం పట్టలేక నిద్రపోతున్న భార్యను లేపాడు.

"కనిపెట్టేశాను! ఏ సంవత్సరం, ఏ నెలలో పుట్టిందో కూడా!"

ఆవిడ ఒక కన్ను తెరిచింది. "పెళ్ళయి ఇరవై ఏళ్ళయింది. నేనెప్పుడు పుట్టానో కనిపెట్టారా?"

డాక్టరు లైటు ఆర్పేశాడు.

పేరు దొరికింది కానీ ప్రాణం రాలేదు. స్టార్టరు లేదు. తాడూ, స్ప్రింగూ, తాడు చుట్టుకునే చక్రమూ, వాటి మీది మూతా... ఆ పక్కంతా బోసినోరు. ఎడమచేతి స్టార్టరు కోసం డాక్టరు ఎక్కని కొట్టు లేదు, రాయని ఉత్తరం లేదు. ఒకాయన తన దగ్గర ఉందని ఘనంగా జవాబిచ్చి, బట్టలుతికే మిషను మూత పంపాడు. ఇంకొకాయన ఆ రకం రంపమే లేదు పొమ్మన్నాడు. మొదటివాణ్ణి డాక్టరు క్షమించాడు. రెండోవాణ్ణి క్షమించలేదు. ఎందుకంటే రెండోవాడు రంపాలు సేకరించేవాళ్ళ సంఘానికి అధ్యక్షుడు. ఆయన నోట ఆ మాట వచ్చాక ఇంక చెప్పేదేముంది? డాక్టరు రెండు రంపాల ముక్కలు అతికించి కొత్త జాతిని పుట్టించాడని సంఘమంతా పాకిపోయింది. పళ్ళు కట్టే చెయ్యి కదా, రంపాన్ని కూడా కట్టేసిందన్నారు. ఇప్పుడది అందరి ముందూ మోగితేనే పరువు. మోగకపోతే, సంఘంలో కట్టుడుపళ్ళ డాక్టరనే పేరు ఖాయం.

ఇలా ఉండగా ఒక సాయంత్రం లారీ డ్రైవరొకడు దవడ పట్టుకుని క్లినిక్కి వచ్చాడు. డాక్టరు మత్తు సూది వేసి, అది ఎక్కేదాకా మాట వరసకు అడిగాడు.

"ఇంత వాచేదాకా ఏం చేస్తున్నావయ్యా? నిన్ననే రావలసింది."

"నిన్ననే బయల్దేరాను డాక్టరుగారూ. అడితి మలుపు దగ్గర... అది మోగింది. బండి వెనక్కి తిప్పేశాను."

"ఏది?"

డ్రైవరు చెప్పాడు. నాలుగు చావులూ వివరంగా చెప్పాడు. డాక్టరు పటకారు తుడుచుకుంటూ వింటున్నట్టు నటించాడు.

"ముందు రెండుసార్లు దగ్గుతుందండీ. తర్వాత ఆగుతుంది. పోయిందిలే అనుకుంటాం. అప్పుడు... అందుకుంటుంది."

పటకారు గాల్లో ఆగిపోయింది.

రెండు దగ్గులు. విరామం. అందుకోవడం. క్యాటలాగులో పదకొండో పేజీ అడుగున, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది — ఈ రకానికి అది సహజం, కంగారు పడవద్దు.

"ఆ చప్పుడు చేసి చూపించు," అన్నాడు డాక్టరు.

"నోరు మొద్దుబారిందండీ..."

"పరవాలేదు. వచ్చినట్టు చెయ్యి."

డ్రైవరు చేశాడు. పెదవి పక్కకు జారిపోతూ, చొంగ కారుతూ, "భుహ్... భుహ్..." బయట బల్ల మీద కూర్చున్న పేషెంట్లిద్దరు చప్పుడు చేయకుండా లేచి వెళ్ళిపోయారు. డాక్టరు మాత్రం కళ్ళు మూసుకుని, కచేరీ వింటున్నట్టు తలాడించాడు.

పన్ను పీకి, ఇంటికి వచ్చి, టార్చి వెతకడం మొదలుపెట్టాడు.

"ఎక్కడికి?" అంది భార్య.

"దెయ్యం దగ్గరికి."

"దాని దగ్గరుందా స్టార్టరు?"

"అనుమానం."

ఆవిడ టార్చి తెచ్చి చేతిలో పెట్టింది. "త్వరగా రండి. దాన్ని మాత్రం వెంటబెట్టుకు రాకండి. మంచం కింద చోటు లేదు."

అడితి గేటు ఒక్క కీలు మీద వేలాడుతోంది. చంద్రుడు లేడు. షెడ్డు రేకులు గాలికి కటకటమంటున్నాయి. కాళ్ళ కింద పద్దెనిమిదేళ్ళ నాటి రంపపు పొట్టు... తడిసి, ఎండి, మళ్ళీ తడిసి, పరుపులా ఉంది. అడుగు వేస్తే చప్పుడు లేదు. తన అడుగు తనకే వినపడకపోవడం డాక్టరుకు అంతగా నచ్చలేదు.

పది అడుగులు వేశాడో లేదో —

దగ్గు.

ఆగాడు.

ఇంకో దగ్గు.

...

గాలి కూడా ఆగినట్టయింది.

అప్పుడు అందుకుంది. రేకులన్నీ ఒక్కసారిగా వణికాయి. పొట్టు మీదుగా ఆ అదురు పాకివచ్చి డాక్టరు అరికాళ్ళకు తగిలింది.

మోకాళ్ళు యజమానిని అడక్కుండానే కారు వైపు తిరిగాయి. చెవులు మాత్రం మాట వినలేదు. ఒంటి సిలిండరు, అన్నాయి చెవులు. పెట్రోలు కాస్త ఎక్కువ తాగుతోంది, అన్నాయి. ప్రాణభయమూ పేరాశా ఆయన లోపల కాసేపు కుస్తీ పట్టాయి. ఎవరు గెలిచారో చెప్పక్కర్లేదు. మంచం కింద రంపాలు పెట్టుకుని పడుకునే మనిషి.

తలుపు తోశాడు.

నీలం పొగ. రాతి దిమ్మ మీద రంపం. దాని మీదికి వంగి ఒక ఆకారం... విరబోసుకున్న తెల్ల జుట్టు... రంపం వైపు సాగుతున్న చెయ్యి...

టక్.

చప్పుడు ఆగిపోయింది.

టార్చి వెలుగు తడబడుతూ వెళ్ళి ఆ ఆకారం మీద పడింది. ముసలావిడ. చేతులు సాగిపోయిన స్వెట్టరు, రబ్బరు చెప్పులు. డాక్టరు ముందు పాదాలే చూశాడు. దెయ్యాలను నమ్మనివాడు చూడవలసిన పని లేదు, అయినా చూశాడు. ముందుకే తిరిగి ఉన్నాయి.

"లైటు మొహం మీద కొట్టకు బాబూ," అందావిడ. "ఎవరు నువ్వు?"

"పళ్ళ డాక్టర్ని."

ఆ చోట, ఆ వేళ, అంతకంటే పనికిమాలిన జవాబు ఇంకొకటి ఉండదు. ఆవిడ నాలుకతో చిగుళ్ళు తడిమి చూసుకుంది.

"నాకున్నవి నాలుగే బాబూ. వాటితో ఏ గొడవా లేదు."

ఆవిడ కోతమేస్త్రీ భార్య. అడితి వెనక సందులోనే ఇల్లు. మేస్త్రీ మీద దుంగా పడలేదు, పిడుగూ పడలేదు. కామెర్లతో, ఆస్పత్రి మంచం మీద, నిద్రలో పోయాడు.

"ఆ మాట చెబితే అందరూ మొహాలు చిన్నబుచ్చుకుంటున్నారు," అంది. "చెప్పడం మానేశాను."

"మరి ఈ రంపం?"

"అదంటే ఆయనకి ప్రాణం. ఊరికే పెడితే బిగుసుకుపోతుంది, అప్పుడప్పుడూ ఆడాలి, అనేవాడు. పోయే ముందు కూడా అదే మాట."

డాక్టరు కళ్ళు చెమ్మగిల్లాయి. పాత రంపాల గురించి అంత సరైన మాట సంఘంలో ఒక్కడూ అనగా వినలేదు. ఈ వయసులో, ఈ చీకట్లో పడి వచ్చి, మొగుడి రంపాన్ని ఆడిస్తున్న ఇల్లాలు! ఇంటికి వెళ్ళగానే భార్యకు ఈ కథ చెప్పాలనుకున్నాడు. చెబితే ఏమవుతుందో గుర్తొచ్చి, వద్దులే అనుకున్నాడు.

"పెద్దమ్మా, జనం దీన్ని దెయ్యమంటున్నారు. మీకు తెలుసా?"

"అననీ. ఈ షెడ్డు మీద ఒక్క రేకు పోలేదు. కాపలావాణ్ణి పెడితే ఈపాటికి వాడే అమ్ముకుని ఉండేవాడు."

డాక్టరు హాయిగా నవ్వాడు. ధైర్యం తెచ్చుకుని తన గోడు వెళ్ళబోసుకున్నాడు. ఏడు నెలలూ, పెన్సిలు రుద్దడమూ, అధ్యక్షుడూ, బట్టలుతికే మిషను మూతా — ఏదీ వదల్లేదు. ఆవిడ ఓపిగ్గా వింది.

"ఎడమచేతి వాటం ఆయనది," అంది. "అందుకే దీన్ని ఎవరికీ ఇవ్వలేదు. నీకు కావాలంటే ఆ స్టార్టరు ఊడదీసుకుపో బాబూ. నా మోకాళ్ళు ఇంక సహకరించడం లేదు. ఈ మధ్య మరీ ఎక్కువైంది. నిన్నా ఇదే పని, ఇవాళా ఇదే పని."

"అది తీసేస్తే రంపం ఇంక మోగదమ్మా."

"మోగకపోతే అంతకన్నానా!"

ఆవిడ మనసు మారేలోగా డాక్టరు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి నేల మీద పెట్టి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. తొందరలో చెయ్యి పొగగొట్టానికి తగిలి చుర్రుమంది. వేలు నోట్లో పెట్టుకున్నాడు. ఆ మంట కూడా తియ్యగానే ఉంది.

తాడు పిడి దాని చోట అది బుద్ధిగా కూర్చుని ఉంది. మూత విప్పే ముందు, ఎడమచేత్తో, ఒక్కసారి మెల్లగా లాగాడు.

పిడి ఊడి చేతిలోకి వచ్చింది. దానికి వేలెడు తాడు. చివరంతా పీచు.

నాలుగు స్క్రూలు తీసి మూత ఎత్తాడు.

స్ప్రింగు రెండు ముక్కలు. చక్రం తుప్పు పట్టి మూతకే అతుక్కుపోయింది. మిగిలిన ఖాళీ నిండా కందిరీగల మట్టి గూడు... ఎండి, బీటలు వారి, కందిరీగలు ఏనాడో ఖాళీ చేసిపోయిన గూడు.

డాక్టరు దాన్ని చూశాడు. పొగ ఇంకా కక్కుతున్న రంపాన్ని చూశాడు. వేలి మీద లేస్తున్న బొబ్బను చూశాడు.

"పెద్దమ్మా..." అన్నాడు. "దీనికి తాడు లేదు. స్ప్రింగు విరిగి ఎన్నేళ్ళయిందో. మరి... మీరెలా స్టార్ట్ చేస్తున్నారు?"

ముసలావిడ ఆయన వైపు జాలిగా చూసింది.

"నేనెందుకు స్టార్ట్ చేస్తాను బాబూ? నేను ఆపడానికి వస్తాను."

నాలుగు స్క్రూలు బిగించడం మామూలుగా రెండు నిమిషాల పని. డాక్టరు ఎంతలో బిగించాడో ఆయనకే తెలియదు. మూత పెట్టి, పిడిని దాని చోట గుచ్చి, అది ఇంతకు ముందు ఎటు తిరిగి ఉందో అటే జాగ్రత్తగా తిప్పి, ముసలావిడకు నమస్కారం పెట్టాడు. టార్చి వెలుగుతూ అక్కడే ఉండిపోయింది. వెనక్కి వెళ్ళి తెచ్చుకునే ఆలోచన ఆయనకు రాలేదు.

ఇంటి తలుపు తీసిన భార్య, చెమటతో తడిసిన చొక్కానూ వట్టి చేతుల్నీ చూసింది.

"దొరకలేదా?"

"దొరికింది," అన్నాడు డాక్టరు, రెండు గడియలూ వేస్తూ. "సైజు తేడా."