ఉత్త పువ్వులు

"పువ్వొచ్చింది" అంది అమ్మ, డాబా మెట్ల పైనుంచి.

కింద ఉన్న ముగ్గురికీ అది "అవ్వొచ్చింది" అని వినిపించింది.

నాన్న బనీను మీద గబగబా చొక్కా వేసుకున్నాడు. ఒక గుండీ వేరే గుండీ ఇంట్లోకి దూరింది. తాతయ్య దువ్వెన కోసం వెతికాడు, దువ్వడానికి తల మీద ఉన్నవి పదకొండు వెంట్రుకలే అయినా. సర్దుడు మాత్రం గుమ్మం దగ్గరికి పరిగెత్తి, చెప్పులన్నీ పెద్దవాటి నుంచి చిన్నవాటి దాకా వరసగా పేర్చింది.

సర్దుడు అంటే తొమ్మిదేళ్ల అమ్మాయి. బడిలో పేరు వేరే ఉంది. కానీ పెన్సిళ్లు, పుస్తకాలు, ఆఖరికి పళ్లెంలో బఠానీలు కూడా వరసలో పెడుతుందని ఇంట్లో ఆ పేరు స్థిరపడిపోయింది.

ముగ్గురూ వాకిట్లో నిలబడ్డారు. అవ్వ లేదు, ఆటో లేదు.

"ఎవరి కోసం నిలబడ్డారు?" అంది అమ్మ, ఆరిన బట్టలతో దిగి వస్తూ. "సొర తీగకు పువ్వొచ్చిందన్నాను."

"అవ్వ రాకపోయినా అవ్వ పువ్వు వచ్చింది కదా" అన్నాడు నాన్న, గుండీలు విప్పుకుంటూ.

ఆ మాట నిజమే. అవ్వ తాతయ్యకు అక్క. ఒక రోజంతా బస్సులో కూర్చుంటే గాని చేరలేనంత దూరంలో ఉంటుంది. చూపు మందగించడంతో తోట పని మానేసి, మిగిలిన ఆరు సొర గింజల్నీ మందుల సీసాలో పెట్టి తమ్ముడికి పంపింది. ఆ రకం గింజలు ఇంకెక్కడా లేవు. ఆరింటిలో మొలిచినవి రెండే. ఒక మొలకను నత్త తినేసింది. మిగిలిన ఒక్క తీగకు ఒక్క కాయైనా ముదిరి ఎండితేనే మళ్లీ గింజలు. లేకపోతే ఆ సొర కథ అంతటితో సరి.

"పైకి వస్తావా నాన్నా?" అని తాతయ్యను అడిగాడు నాన్న.

"రేపు పొద్దున చూస్తాలే. నా మోకాళ్లు రోజుకు ఒక్క టికెట్టే ఇస్తాయి" అన్నాడు తాతయ్య. ఆయన నలభై ఏళ్లు గడియారాలు బాగుచేశాడు. గడియారాలు బాగుపడ్డాయి, మోకాళ్లు పాడయ్యాయి. రోజూ పొద్దున్నే మెట్టుకో నిట్టూర్పుతో పైకెక్కి తీగకు నీళ్లు పోసేవాడు.

సర్దుడు, నాన్న డాబా ఎక్కారు. పొద్దు వాలుతోంది. పాత నీళ్ల డ్రమ్ములోంచి లేచిన తీగ, తాళ్ల పందిరంతా పాకి ఉంది. అక్కడక్కడ తెల్లటి పువ్వులు. అప్పుడే ఇస్త్రీ పెట్టి నలిపేసిన జేబురుమాళ్లలా ఉన్నాయి.

"నాన్నా, దీని కింద చిన్న కాయ ఉంది. దానికి లేదు."

నాన్న వంగి చూశాడు. ఆయన ప్రెస్సులో ప్రూఫులు దిద్దుతాడు. అక్షరాల గురించి అడిగితే చెప్పగలడు, మొక్కల గురించి అడిగినా చెప్పేస్తాడు.

"కాయ ఉన్నది కాయ పువ్వు. లేనిది ఉత్త పువ్వు. మా మేనేజరు లాంటిది. తెల్లచొక్కా వేసుకుని నిలబడుతుందంతే."

నాన్న నవ్వాడు. సర్దుడు నవ్వలేదు. పని చెయ్యనివి పందిట్లో ఎందుకు అని ఆలోచించింది.

మర్నాటి నుంచి ఒకవైపు పూత, ఒకవైపు కోత.

బడి నుంచి రాగానే సర్దుడు పైకి వెళ్లేది. పొడుగు కాడల మీద నిలబడ్డ ఉత్త మొగ్గల్ని ఒక్కొక్కటే తుంచేది. ఎండాకులు మాగబెట్టే కుండలో వేసి, పైన ఆకులు కప్పి, చేతులు దులుపుకునేది. తీగ తేలికపడ్డట్టు అనిపించేది. ఇక బలమంతా కాయలకే.

ఆ తరువాత పందిరి కింద చాప వేసుకుని పడుకునేది. వెలుగు మెల్లగా పలచబడేది. ఆకుల సందుల్లో ఆకాశం ముక్కలుముక్కలుగా కదిలేది. చూస్తుండగానే కాయ పువ్వు ఒకటి అలికిడి లేకుండా విచ్చుకునేది. బూడిదరంగు రెక్కల పురుగులు వచ్చి, దాని చుట్టూ తిరిగి, ఏదో అడగడం మరిచిపోయినట్టు వెళ్లిపోయేవి. సర్దుడి కళ్లు మూతపడేవి. పందిరి నిండా పొడుగు కాయలు ఊయలల్లా ఊగుతున్నట్టు, ఒక్కో కాయలో బోలెడు గింజలు బజ్జున్నట్టు కల వచ్చేది. "అన్నానికి దిగు" అని అమ్మ పిలిచేదాకా ఆ కలలోనే ఉండేది.

వారం తిరగకముందే మొదటి పిందె పసుపుపచ్చగా మారి రాలిపోయింది. తరువాత రెండోది. ఆ తరువాత మూడోది.

తాతయ్య నీళ్లు తగ్గించి చూశాడు. పెంచి చూశాడు. మట్టి గుల్లచేశాడు. ఎండ తగలాలని పందిరి తాళ్లు జరిపాడు. నాలుగోదీ రాలింది.

ఆదివారం అవ్వ ఫోన్ చేసింది. అవ్వ మాట్లాడితే స్పీకరు అక్కర్లేదు, వీధి చివరికీ వినిపిస్తుంది.

"కాసిందా?"

"నిలబడటం లేదక్కా. నా చెయ్యి మంచిది కాదేమో."

"గడియారాల చేతికి గింజలివ్వడం నాదే తప్పురా" అంది అవ్వ.

తాతయ్య నవ్వాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం దాన్ని తువ్వాలుతో చాలాసేపు తుడిచాడు. మర్నాడు పొద్దున నీళ్ల మగ్గు సర్దుడికి ఇచ్చాడు.

"నువ్వు పొయ్యవే తల్లీ. నా చెయ్యి తగలనివ్వకు. ఇంక మిగిలింది ఒక్క కాయ మొగ్గే."

తీగ అడుగున ఆకులు అప్పటికే ఎండుతున్నాయి. చిటారున ఒకే ఒక్క కాయ మొగ్గ ఉంది.

సర్దుడికి పాపం అనిపించింది. తన వంతు సాయంగా ఆ సాయంత్రం ఇంకా జాగ్రత్తగా ఉత్త మొగ్గల్ని వెతికింది.

పక్క డాబా మీద దర్జీ అత్త గుడ్డలు తీస్తోంది. ఎప్పటిలాగే పెదాల మధ్య నాలుగు గుండుసూదులు ఉన్నాయి.

"ఏం చేస్తున్నావే?" అంది సూదుల సందునుంచి.

"ఉత్త పూలు తీసేస్తున్నా అత్తా. కాయవు కదా."

అత్త ఒక్కో సూదీ తీసి జాకెట్టు అంచుకు గుచ్చుకుంది. గుండుసూదులు తీసిందంటే అసలు మాట చెబుతుందన్నమాట.

"రోజూ తీసేస్తున్నావా?"

"ఆఁ."

"అయ్యో పిచ్చిదానా. అవి మగపూలు. వాటిలో పుప్పొడి ఉంటుంది. పురుగులు దాన్ని మోసుకెళ్లి కాయ పువ్వులో రాస్తాయి. అప్పుడే పిందె నిలుస్తుంది. నేను చొక్కా కుట్టినప్పుడు దారం కనిపించదు. అట్లాగని దారం లాగేస్తే?"

చేతిలో ఉన్న మొగ్గ ఒక్కసారిగా బరువెక్కింది. సర్దుడు కుండలో ఆకులు తప్పించి చూసింది. కింద పూలన్నీ నల్లబడి మెత్తగా కలిసిపోయి ఉన్నాయి. ఎన్నో లెక్కపెట్టడానికి కూడా లేదు.

మెట్లు దిగింది. మధ్యలో కూర్చుంది. చెప్పకపోతే ఎవరికీ తెలియదు. రేపటినుంచి తుంచడం మానేస్తే చాలు. అత్తకు కూడా చెప్పొద్దని చెప్పవచ్చు. అంతా ఎంతో శుభ్రంగా సర్దుకుపోతుంది.

కానీ నీళ్ల మగ్గు ఇచ్చేటప్పుడు తాతయ్య చెయ్యి వెనక్కి తీసుకున్న తీరు కళ్లముందు నిలిచింది.

లోపలికి వెళ్లి తాతయ్య మంచం అంచున కూర్చుంది.

"తాతయ్యా, పిందెలు రాలింది నీ చెయ్యివల్ల కాదు. నా చెయ్యివల్ల." అంతా చెప్పింది.

తాతయ్య తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు.

"అయితే వీటికి రిపేరు అక్కర్లేదన్నమాట" అన్నాడు.

"కోపం రాలేదా?"

"వచ్చింది. మెట్లెక్కేలోపు పోతుంది. నడు, చిటారు మొగ్గ చూద్దాం."

ఆ రోజు మోకాళ్లు రెండో టికెట్టు ఇచ్చాయి. సర్దుడి భుజం పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కాడు. కాయ మొగ్గ విచ్చుకోలేదు. రేపో ఎల్లుండో విచ్చుకుంటుంది. మగ మొగ్గ కోసం ఇద్దరూ ఆకు ఆకూ వెతికారు. డ్రమ్ము వెనక, గోడ నీడలో, సర్దుడి కంటపడకుండా మిగిలింది ఒక్కటి. వేలి కొనంత ఉంది. గట్టిగా మూసుకుని ఉంది.

"ఇది ముందా, అది ముందా?" అంది సర్దుడు.

"గడియారమైతే ముల్లు తిప్పేవాడిని" అన్నాడు తాతయ్య. "దీన్ని చూస్తూ కూర్చోవడమే."

మర్నాడు సాయంత్రం రెండూ మూసుకునే ఉన్నాయి. బడిలో పాఠం నడుస్తుంటే సర్దుడికి కిటికీ అవతల తెల్లటి పూలు నడిచి వెళుతున్నట్టు, తమ వాళ్లెక్కడని అందరినీ అడుగుతున్నట్టు అనిపించింది.

మూడో సాయంత్రం గాలి ఆగిపోయింది. కాయ పువ్వు ఒక్కో రేకూ విప్పింది. డ్రమ్ము వెనక మొగ్గ మాత్రం సగమే వదులైంది.

తాతయ్య జేబులోంచి సన్నటి పట్టకారు తీశాడు. గడియారంలో చిన్న మరలు పట్టుకునేది. దాన్ని సర్దుడి వేళ్ల మధ్య పెట్టాడు.

"నా చెయ్యి వణుకుతుంది. నువ్వు తియ్యి. తొందర లేదు."

సర్దుడు ఊపిరి బిగబట్టింది. మొగ్గను కోసి, రేకుల్ని ఒక్కొక్కటే తొలగించింది. లోపల పసుపు పొడి మెరిసింది. దాన్ని తీసుకెళ్లి కాయ పువ్వు నడుమ మెల్లగా ఆనించింది. ఒకసారి. ఇంకోసారి. ఆ కాసేపు లోకంలో తెల్లటి పువ్వు ఒక్కటే ఉంది.

మూడు రోజులు పిందె ఉన్నట్టే ఉంది. నాలుగో రోజు ఆకుపచ్చగా నిగనిగలాడింది. ఆరో రోజుకు తాతయ్య బొటనవేలిని దాటింది. తీగ మీద కొత్త మగ మొగ్గలు బారులు తీరాయి, వరసా గిరసా లేకుండా.

ఆదివారం ఫోన్ మోగింది. నాన్న చేతిలో ప్రూఫులు, అమ్మ చేతిలో గరిటె, అత్త కొలతలు తీసుకోవడానికి వచ్చి గుమ్మంలో ఉంది.

"కాసిందా?" అంది అవ్వ.

"ఒకటి నిలబడిందక్కా" అన్నాడు తాతయ్య.

"నీ చెయ్యి ఇప్పటికి కుదిరిందన్నమాట."

తాతయ్య అవునని అనబోయాడు. సర్దుడి వైపు చూసి, చెప్పక్కర్లేదన్నట్టు తల అడ్డంగా ఊపాడు కూడా.

సర్దుడు ఫోన్ అడిగి తీసుకుంది.

"అవ్వా, తాతయ్య చెయ్యి మొదటినుంచీ బాగానే ఉంది. కాయ లేని పూలు ఊరికే ఉన్నాయనుకుని నేనే రోజూ తుంచేశాను. పుప్పొడి వాటిలోనే ఉంటుందని నాకు తెలియదు. అందుకే పిందెలు రాలాయి. నీళ్లవల్ల కాదు, మట్టివల్ల కాదు."

గరిటె ఆగింది.

"ఉత్త పువ్వని పేరు పెట్టింది నేను" అన్నాడు నాన్న నెమ్మదిగా. "అది నా అచ్చుతప్పు."

అవతల అవ్వ మొదటిసారి మెల్లగా మాట్లాడింది. వినడానికి అందరూ ఫోన్ దగ్గరికి జరగాల్సి వచ్చింది.

"ఒరే తమ్ముడూ, ఉన్నావా? నేనన్న మాట వెనక్కి తీసుకున్నా" అంది. తరువాత, "ఇవాళ ఎన్ని పూలున్నాయే పిల్లా?"

"మగపూలు తొమ్మిది, ఆడపూలు రెండు" అంది సర్దుడు. "లెక్కపెట్టి వచ్చేశాను అవ్వా. ఏదీ ముట్టుకోలేదు."