టవల్ రాడ్డు బిగించడానికొచ్చినవాడు

“మేము నిచ్చెన అడగలేదే తంబీ” అన్నాడు శేషాచలం, గేటు తెరవకుండానే.

బయట జోరున వాన. మెడకీ భుజానికీ మధ్య గొడుగు ఇరికించుకుని, పొడవాటి అట్టపెట్టెను చంటిపిల్లలా పొదువుకుని నిలబడ్డాడు ఫణీంద్ర. తడిసి చిరిగిన పెట్టె మూలలోంచి స్టీలు మెట్లు మెరుస్తున్నాయి.

“నిచ్చెన కాదండీ, హీటెడ్ టవల్ రాడ్డు. బాత్రూమ్ గోడకి బిగిస్తామండీ. కరెంటుతో వేడెక్కుతుంది, తువ్వాళ్ళు ఆరిపోతాయి.”

“మద్రాసులోనా?”

ఎన్నూరు థర్మల్ స్టేషన్లో ఎలక్ట్రికల్ సూపర్‌వైజరుగా చేసి రిటైరైన మనిషి శేషాచలం. సగం నగరానికి కరెంటు పంపించిన చేత్తో ఒక తువ్వాలుకు వేడి ఇవ్వడం ఆయనకు చిన్నతనంగా తోచింది.

“ఊరంతా చెమటతో చస్తా ఉండాది. టవలుకు చలేస్తాదా?”

“నాయనా, నేనే ఆర్డర్ చేసినా. గేటు తియ్యి, ఆయన తడుస్తా ఉండాడు.” లోపలినుంచి ఒక అమ్మాయి వచ్చింది. శేషాచలం కూతురు కుముదిని. కీల్పాక్‌లో ఒక క్లినిక్‌లో ఆడియాలజిస్టు, అంటే చెవులు ఎంత బాగా పనిచేస్తున్నాయో పరీక్ష చేసే డాక్టరమ్మ.

ఆ రాడ్డు వెనక పెద్ద కథే ఉంది. మాధవరంలో వాళ్ళది కింది పోర్షను. వానాకాలం మొదలైతే ఎండ మొహం చూడదు. హాల్లో తాడు కట్టి ఆరేసిన తువ్వాళ్ళు వారమైనా ఆరక ముక్కవాసన వేసేవి. ఆ చెమ్మకు తల్లి హైమవతి తుమ్మిన తుమ్ము పక్కవీధి దాకా వినిపించేది. క్లినిక్ వాళ్ళతో కొడైకెనాల్ వెళ్ళినప్పుడు హోటల్లో ఇలాంటి రాడ్డు చూసి, అమ్మకు ఇదే మందు అని నిశ్చయించుకుంది కుముదిని.

“పొద్దున్నే వస్తానన్నారు. ఇదేనా పొద్దున?” అంది ఫణీంద్రతో.

“మిల్క్ కాలనీ దగ్గర అన్నారు కదండీ. దార్లో కనిపించిన ప్రతి పాలబూత్ దగ్గరా ఆగి అడిగాను. రెండుచోట్ల పాలు కూడా కొనిపించారు.” నిజంగానే అతని సంచీలోంచి పాల ప్యాకెట్లు బయటికి తొంగి చూస్తున్నాయి.

కుముదిని నవ్వు ఆపుకోవడానికి మొహం పక్కకు తిప్పుకుంది. ఫణీంద్ర ఆ పక్కకే చూశాడు.

అతనిది తణుకు. బాత్రూమ్ సామాన్లమ్మే ఒక షోరూమ్‌లో ఇంజనీరు. చెన్నై వచ్చి ఏడాది కూడా కాలేదు. తమిళం ఇంకా ఒంటబట్టలేదు. ఈ ఇంటి తెలుగు కూడా అతనికి సగం పరాయి భాషలాగే వినిపిస్తోంది.

బాత్రూమ్‌లోకి వెళ్ళగానే మాత్రం అతను వేరే మనిషయ్యాడు. టైల్స్‌ను వేలితో తట్టి చూశాడు. “షవర్ నీళ్ళు పడని గోడ కావాలండీ. స్విచ్చి లోపల పెట్టం, బయట గోడమీద పెడతాం. షాక్ కొట్టబోతే దానంతటదే కరెంటు కట్టయ్యే బ్రేకర్ కూడా వేస్తాను.”

శేషాచలం కనుబొమలు పైకి లేచాయి. కుర్రాడికి పని తెలుసు.

“చెయ్యి కాల్తాదా?” హైమవతి భయంగా అడిగింది.

“లేదాంటీ, ఇస్త్రీ చేసిన చొక్కా అంత వెచ్చగా ఉంటుంది. అరగంట పడుతుంది వేడెక్కడానికి. దాంతో గదేమీ వేడెక్కదు. నీళ్ళు కారే బట్టలు వెయ్యకూడదు, పిండేసి వెయ్యాలి.” తర్వాత శేషాచలం వైపు తిరిగాడు. “అంకుల్, ఈ గోడలో నీళ్ళ పైపేమైనా ఉందాండీ?”

“ఈ ఇల్లు నేను నిలబడి కట్టించినా. ఈడ పైపు లేదు.”

అయినా ఫణీంద్ర సంచీలోంచి చిన్న మిషన్ తీసి గోడమీద జరిపాడు. గోడలో లోహం ఉంటే అది కూత పెడుతుంది. కీచుమని కూసింది.

“ఆ శబ్దం ఏంది?” గుమ్మంలో నిలబడి అడిగింది కుముదిని. ముంగురులకు అంటుకున్న వానచినుకు ఒకటి జారాలా వద్దా అని ఆలోచిస్తోంది.

ఫణీంద్ర మిషన్ చూడాల్సినవాడు ఆ చినుకును చూశాడు. “బ్యాటరీ తక్కువైనట్టుందండీ” అని, డ్రిల్లింగ్ మెషిన్ గోడకు ఆనించాడు.

పైపు అక్కడే ఉంది.

నీళ్ళు ధారగా వచ్చి ముందు ఫణీంద్ర మొహాన, తర్వాత శేషాచలం కళ్ళద్దాల మీద పడ్డాయి. ఫణీంద్ర రెండు అరచేతులతో రంధ్రం మూశాడు. వేళ్ళ సందుల్లోంచి అన్ని దిక్కులకూ చిమ్మాయి. శేషాచలం మేడమీదికి పరిగెత్తి ట్యాంకు వాల్వు కట్టేసేసరికి హాలు చెరువైంది. ఇంట్లో ఉన్న తువ్వాళ్ళు, దుప్పట్లు, పంచెలు అన్నీ నేల తుడవడానికే సరిపోయాయి.

“పైపు లేదన్నారు కదండీ” అన్నాడు ఫణీంద్ర, చెవిలో నీళ్ళు దులుపుకుంటూ.

“మీ మిషన్ కూసింది కదా” అన్నాడు శేషాచలం.

ఇద్దరూ కుముదిని వైపు చూశారు. ఆమె గోడకు ఆనుకుని, కడుపు పట్టుకుని నవ్వుతోంది.

వణుకుతున్న ఫణీంద్రకు కట్టుకోవడానికి పొడిబట్ట కావాలి. ఇల్లంతా వెతికితే దొరికింది ఒక్కటే, బీరువాలో కలరా ఉండల మధ్య దాచిన శేషాచలం జరీ పట్టుపంచె. పైన కండువా. ఆ వేషంలో సోఫామీద కూర్చోబెట్టి, హైమవతి వేడివేడి బజ్జీలు చేతికిచ్చింది.

సరిగ్గా అప్పుడే పక్కింటి కస్తూరి లోపలికొచ్చింది. పట్టుపంచె కుర్రాణ్ణి చూసి ఆగిపోయి, “ఏం తంబీ, మాప్పిళ్ళైయా?” అనడిగింది.

తమిళంలో ఆ మాటకు పెళ్ళికొడుకని అర్థం. మెకానిక్కో ఏదో అయివుంటుందనుకున్నాడు ఫణీంద్ర. “అవునండీ, నేనే” అన్నాడు వినయంగా. “వచ్చిన పని ఇంకా పూర్తి కాలేదు.”

 కుముదిని చున్నీ నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పారిపోయింది. సాయంత్రానికల్లా మాట కాలనీ అంతా పాకిపోయింది. శేషాచలం కూతురికి సంబంధం కుదిరిందంట, అబ్బాయి బజ్జీలు బాగా తింటాడంట.

మర్నాడు ఫణీంద్ర ప్లంబరును తీసుకొచ్చి పైపు అతికించాడు. గోడ ఆరాక మళ్ళీ వచ్చి ఎదుటి గోడకు రాడ్డు బిగించాడు. ఈసారి మిషన్ శేషాచలం చేతిలో పెట్టాడు. ఇద్దరూ కలిసి గోడంతా మూడుసార్లు జల్లెడ పట్టారు. రాడ్డు వెచ్చబడింది. హైమవతి తుమ్ములు ఆగిపోయాయి. కథ అక్కడితో ఆగాల్సింది.

ఆగలేదు. వారం తిరక్కుండానే కుముదిని ఫోన్ చేసింది. “రాడ్డు ఏందో వాసనొస్తా ఉండాది.”

“కొత్తదానికి మొదట్లో వస్తుందండీ, దానంతటదే పోతుంది. అయినా వచ్చి చూస్తాను.”

తర్వాత ఇంకో ఫోన్. “రాడ్డు వేడిగా ఉండాది.”

“అది వేడిగానే ఉండాలండీ.” కాసేపాగి, “వచ్చి చూడనా?”

“చూస్తే మంచిది.”

ఆపైన అతనికే ఒక రోగం వచ్చింది. డ్రిల్లింగ్ మోతకు చెవులు దెబ్బతిన్నాయేమోనని కీల్పాక్ క్లినిక్‌కు వెళ్ళాడు. కుముదిని గాజు గదిలో కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ పెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా చెయ్యెత్తమంది. అద్దంలోంచి ఆమెనే చూస్తూ అతను ఎత్తిన చెయ్యి దించలేదు.

“చెవులు బాగుండాయి. కండ్లే ఒక చోట ఇరుక్కుపోయినాయి” అంది బయటికొచ్చాక.

బస్టాపులో మాధవరం బస్సు కోసం నిలబడ్డారు. వాన సన్నగా పడుతోంది. ఫణీంద్ర గొడుగు ఆమె వైపే ఎక్కువగా వంచాడు.

“మా అమ్మానాన్నల్ని మీ ఇంటికి తీసుకురానా అండీ? రాడ్డు చూడ్డానికి కాదు.”

కుముదిని చెవులు ఎర్రబడ్డాయి. తల వంచుకుని, చిన్నగా నవ్వి, “ఇప్పుడేమీ అవసరం లేదు” అంది. బస్సొచ్చింది. ఎక్కేసింది.

ఫణీంద్ర అక్కడే నిలబడిపోయాడు. అవసరం లేదు. ఎంత మర్యాదగా చెప్పింది. నవ్వుతూ మరీ చెప్పింది. అంతకంటే తిట్టినా బాగుండేది.

ఆ రోజునుంచి అతను ఫోన్ ఎత్తలేదు. కోయంబత్తూరు షోరూమ్‌కి మనిషి కావాలని మేనేజరు అడుగుతుంటే, నేను వెళ్తానన్నాడు.

కుముదిని రెండు రోజులు కోప్పడింది. మూడో రోజునుంచి మాట్లాడటం మానేసింది. రాడ్డుమీద తువ్వాలు తీసుకుని మొహానికి అద్దుకుని, అలాగే నిలబడిపోయేది. శేషాచలం పేపరు చాటునుంచి ఇదంతా చూశాడు. ఒక ఉదయం లేచి వెళ్ళి, బాత్రూమ్ బయటున్న స్విచ్చి కట్టేసి, షోరూమ్‌కి ఫోన్ చేశాడు.

“రాడ్డు పనిచేయలేదప్పా. బిగించినవాడే వచ్చి చూడాల. వేరే మనిషిని పంపిస్తే గేటు తియ్యను.”

సామాను సర్దుకుంటున్న ఫణీంద్ర మొహం వేలాడేసుకుని వచ్చాడు. రాడ్డు తడిమాడు, చల్లగా ఉంది. బయటికొచ్చి స్విచ్చి చూశాడు.

“ఇది ఆఫ్‌లో ఉందంకుల్.”

“అట్లనా? నాకేం తెలుసు తంబీ” అన్నాడు ముప్పై ఏళ్ళు పవర్ స్టేషన్ నడిపిన శేషాచలం.

సెలవు పెట్టి ఇంట్లోనే ఉన్న కుముదిని, అతని గొంతు విని బయటికొచ్చింది. అతన్ని చూసి ఆగింది. “మనిషేనా మీరు? చెవులు బాగుండాయని నేనే రిపోర్టు ఇచ్చినా. ఫోన్ మోగితే వినపడలేదా?”

“మీరే కదండీ, అవసరం లేదన్నారు.”

“ఆమా, అన్నా. అందుకని ఊరొదిలి పోతారా?”

“అవసరం లేనివాణ్ణి ఇక్కడుండి ఏం చెయ్యనండీ?” అన్నాడు ఫణీంద్ర.

శేషాచలం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. “ఉండు తంబీ. మీ ఊర్లో అవసరమంటే ఏంది?”

“అవసరమంటే... కావాల్సి రావడం అండీ.”

“అదా సంగతి. మాకు ఈడ తమిళం కలిసిపోయిందప్పా. అవసరమంటే మాకు తొందర.”

 ఫణీంద్ర పెదాలు ఆ మాటను మెల్లగా తిరిగి పలుకుతున్నాయి.

“అంటే... తొందర లేదు, నిదానంగా రమ్మన్నారా? వద్దనలేదా?”

“వద్దనేదాన్నైతే సుమ్మా, ఊరికే వద్దనే చెప్పనా? రెండక్షరాలే కదా.” కుముదిని కళ్ళు తుడుచుకుంది. కోపంగానే తుడుచుకుంది.

“మరి ఇప్పుడండీ?”

“ఇప్పుడు రొంబ అవసరం.”

రొంబ అంటే చాలా అని అతనికి తెలుసు. అవసరం ఏ ఊరి అర్థంలో అందో ఆమె చెప్పలేదు. అతనూ అడగలేదు. శేషాచలం మాత్రం స్విచ్చి వేసి, పేపరు పట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయాడు.

వాన వెలిసిన ఒక ఆదివారం తణుకునుంచి ఫణీంద్ర తల్లిదండ్రులొచ్చారు. లోపల హైమవతి ఊపిరి తీసుకోకుండా మాట్లాడుతుంటే, కాబోయే వియ్యపురాలు ప్రతి మాటకూ నవ్వుతూ తలాడిస్తోంది. వరండా మెట్లమీద ఫణీంద్ర, కుముదిని కూర్చున్నారు.

“మీ అమ్మగారి మాటల్లో సగం మా అమ్మకి అర్థం కావట్లేదంట” అన్నాడు అతను గుసగుసగా.

“అయ్యయ్యో. మరి అంతసేపు దేనికి తలూపినారు?”

“ముందు కాఫీకి. తర్వాత ముహూర్తానికి.”