ఎడిటరమ్మ వాళ్ళ నాన్న

"వాన ఎంత అందంగా కురిసిందన్నది కాదు, ఎన్ని ఇళ్ళల్లోకి నీళ్ళొచ్చాయన్నది రాయాలి కవిగారూ!"

జర్నలిజం ఎం.ఏ.లో చేరాక ఆ అమ్మాయి నాతో అన్న మొదటి మాట ఇది. అంటూనే నా వార్తలో పై సగం అడ్డంగా కొట్టేసింది. యూనివర్సిటీలో మేం నడిపే విద్యార్థుల పత్రికకి తనే ఎడిటర్. చాటుగా అందరం 'కత్తెర' అనుకునేవాళ్ళం. నాకు ఒళ్ళు మండిపోయింది. నవ్వితే తన బుగ్గ మీద సొట్ట పడుతుందని కూడా అప్పుడే చూశాను, అది వేరే సంగతి.

మొదటి ఏడాదంతా పోట్లాటలతోనే గడిచింది. రెండో ఏడాదికొచ్చేసరికి, కొట్టేస్తుందని తెలిసి కూడా కావాలనే నాలుగు వర్ణనలు ఎక్కువ రాసేవాణ్ణి. తను కొట్టేస్తున్నంతసేపూ పక్కన కూర్చోవచ్చు కదా!

అలాంటి రోజుల్లో నాకో మంచి వార్త తగిలింది. యూనివర్సిటీ వెనక వీధుల్లో పిల్లలకి వరసగా వాంతులు, కడుపునొప్పి. ఇంటింటికీ తిరిగి ఆరా తీస్తే, ఆ వీధుల వాటర్ ట్యాంకు కడిగి ఏడాది దాటిందని తేలింది. ట్యాంకు చూసే ఇంజనీరుగారి ఆఫీసుకి వెళ్ళాను. కసురుకుంటారనుకుంటే కాఫీ ఇప్పించారు.

"తప్పు నాదే బాబూ. ఈ వారం, వచ్చే వారం అంటూ వాయిదా వేసుకొచ్చాను. అలాగే వెయ్యి," అన్నారు. "అన్నట్టు మా అమ్మాయి కూడా మీ డిపార్ట్‌మెంటే. మీ పేపరుకి ఎడిటరట."

కాఫీ గొంతుకి అడ్డం పడింది. చూద్దును కదా, ఆయన బుగ్గ మీదా అదే సొట్ట!

ఆ తర్వాత నా బుర్ర పనిచేస్తే ఒట్టు. ఆయన మాటలన్నీ, ట్యాంకు కడిగి ఏడాది దాటిందన్న ముక్కా తీసేసి, వార్త చివర 'సంబంధిత అధికారులు అందుబాటులో లేరు' అని ఒక ముక్క తగిలించాను. ఏదో ఘనకార్యం చేసినట్టు ఊపిరి కూడా పీల్చుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం జోరున వాన. న్యూస్‌రూమ్‌లో మేమిద్దరమే. నా కాపీ తన చేతిలో ఉంది, ఎర్ర పెన్ను మూత మాత్రం తియ్యలేదు.

"ఎవరు అందుబాటులో లేరు?"

"ఇంజనీరుగారు."

"ఎన్నిసార్లు ఫోన్ చేశావు?"

"చాలాసార్లు."

"నేను ఒక్కసారే చేశాను, వెంటనే ఎత్తారు. నువ్వొచ్చావని, కాఫీ తాగావని, అడిగినవన్నీ చెప్పానని అన్నారు."

అచ్చుకి వెళ్ళేముందు ప్రతి వార్తనీ ఎడిటర్ ఫోన్ చేసి సరిచూసుకోవడం మా పత్రికలో అలవాటే. మహానుభావుణ్ణి, ఆ ఒక్కటీ మర్చిపోయాను.

"ఆయన మీ నాన్నగారు కదా..."

"అయితే?"

"ఇది అచ్చయితే ఇంట్లో నీకు ఇబ్బందని..."

"నా ఇబ్బంది నీకెందుకు?"

తను పెన్ను బల్ల మీద పడేసింది. కోపమనుకున్నాను. కళ్ళల్లో నీళ్ళు చూసేసరికి ఉండబట్టలేక అనేశాను.

"ఎందుకంటే... నువ్వంటే నాకు ప్రాణం."

తను కళ్ళు తుడుచుకుంది.

"ప్రాణమట! మా నాన్న నిజం చెప్తే నువ్వు అబద్ధం రాశావు. ఆ పిల్లల చేత మళ్ళీ ఆ నీళ్ళే తాగించబోయావు. ఇలాంటివాణ్ణి నేనెలా నమ్మను?" కాగితాలు నా ముందు పెట్టేసింది. "మా నాన్న సంగతి కాబట్టి ఈ వార్త నేను చూడకూడదు. మన డిపార్ట్‌మెంట్ సార్‌తో చెప్పేశాను, ఆయనే చూస్తారు. ఉన్నదున్నట్టు రాయి. ఆ రెండో సంగతి తర్వాత మాట్లాడదాం. మాట్లాడాలనిపిస్తే."

ఆ చివరి ముక్కతో నా పైప్రాణాలు పైనే పోయాయి.

తిరగరాశాను. ఆయన చెప్పినవన్నీ పొల్లు పోకుండా పెట్టాను. మొదటి పేజీలో వేశారు. తను మాత్రం ఆ రోజు నుంచీ క్లాసుకి రాలేదు. స్నేహితులు వీపు తడుతుంటే నాకు ఏడుపొచ్చేది. అన్నం సయిస్తే ఒట్టు.

ఆ వారం చివర్లో క్లాసు గుమ్మంలో ఇంజనీరుగారు ప్రత్యక్షమయ్యారు. వెనకే తను.

"ఇలా రావయ్యా. నీ పుణ్యమా అని పైవాళ్ళు నాకు బాగా గడ్డి పెట్టారు."

"క్షమించండి సార్."

"దేనికి? నేనన్నదే రాశావు. దగ్గరుండి ట్యాంకు కడిగించాను. అమ్మాయి కూడా క్లాసు మానేసి, నీళ్ళు కాచి తాగమని ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. నిన్న భోజనాల దగ్గర ఉన్నట్టుండి, 'నాన్నా, నీ తప్పు అచ్చేసిన అబ్బాయి నాకు నచ్చాడు, ఏమంటావు?' అంది."

ఒక అడుగు ముందుకేశాను.

"మీరేమన్నారండీ?"

"కోపం తగ్గాక చెప్తానన్నాను."

"తగ్గిందాండీ?"

"ఇంకా లేదు. ఆదివారం భోజనానికి రా, అప్పటికి తగ్గొచ్చు."

నవ్వు దాచుకుంటూ మెట్లు దిగిపోయారు. తను గోడకి ఆనుకుని ఎటో చూస్తోంది.

"నాన్నగారితో చెప్పావు సరే, నాతో చెప్పవా? తిట్టినా పర్వాలేదు."

"నీ మొదటి కాపీ చూసి ఎంత ఏడ్చానో తెలుసా? రెండోది చదివి అంతకంటే ఎక్కువ ఏడ్చాను." తలెత్తి సూటిగా చూసింది. "నువ్వంటే నాకిష్టం. చాలా ఇష్టం. రాసుకో!"

పెన్ను కోసం జేబు తడుముకోబోయాను. అప్పటికే నా చెయ్యి తన చేతిలో ఉంది.